గోల్ ముందు పాసులాట: ఓపికా, మొండితనమా?

సెయింట్స్_బెజవాడ అడిగిన ప్రశ్న:

మా అన్నయ్య సౌతాంప్టన్‌లో ఎమ్మెస్సీ చదివిన ఏడాది నుంచి నేను ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు అభిమానిని. బెజవాడలో కూర్చుని సౌతాంప్టన్‌ను అభిమానించడం ఏమిటని స్నేహితులు ఇప్పటికీ నవ్వుతారు, అది వేరే కథ. 2024 ఆగస్టు 17న, రెండో శ్రేణి నుంచి ఇంగ్లండ్ మొదటి శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌లోకి తిరిగి వచ్చాక మా జట్టు మొదటి మ్యాచ్ న్యూకాజిల్ మైదానంలో ఆడింది. మనకు రాత్రి ఏడున్నర గంటలు. ఇంట్లో భోజనాల వేళ కావడంతో, కబడ్డీ, క్రికెట్ తప్ప మరో ఆట చూడని మా నాన్నగారు కూడా కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు.

న్యూకాజిల్ డిఫెండర్ ఫాబియన్ షేర్‌కు 28వ నిమిషంలోనే రెడ్ కార్డు పడింది. అంటే గంటకు పైగా పదిమందే ఉన్న జట్టుతో మా వాళ్లు ఆడారు. మ్యాచ్‌లో ముప్పావు వంతుకు మించి బంతి మా కాళ్ల దగ్గరే ఉంది. అయినా 1-0 తేడాతో ఓడిపోయాం. ఆ ఒక్క గోల్ కూడా న్యూకాజిల్ సంపాదించుకున్నది కాదు, మేము చేతికి అందించినది. విరామానికి కాస్త ముందు మా గోల్‌కీపర్ అలెక్స్ మెకార్తీ తన వాళ్లకు ఇవ్వబోయిన పాస్ నేరుగా అలెగ్జాండర్ ఇసాక్ దగ్గరకు వెళ్లింది, అతడు జోలింటన్‌కు అందించాడు, అంతటితో అయిపోయింది. అప్పటిదాకా మాట్లాడకుండా చూస్తున్న మా నాన్నగారు, “వాళ్ల గోల్ అటు ఉంటే వీళ్లు బంతిని ఇటు తంతారేమిట్రా?” అని అడిగారు. నాకు తెలిసిన వివరణలన్నీ ఆయనకు చెప్పాను కానీ, చెబుతున్నంతసేపూ నాకే నమ్మకం కుదరలేదు.

ఆ సీజన్ ఎలా ముగిసిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కోచ్ రస్సెల్ మార్టిన్ ఎన్ని ఓటములు ఎదురైనా, సొంత గోల్ ముందు నుంచే పొట్టి పాసులతో ఆట మొదలుపెట్టే ఆ పద్ధతిని వదలలేదు. డిసెంబరు 15న టాటెన్‌హామ్ విరామ సమయానికే మా మీద అయిదు గోల్స్ చేసింది, ఆ రాత్రే ఆయన పదవి పోయింది. 38 మ్యాచ్‌లు ముగిసేసరికి మాకు దక్కినవి 12 పాయింట్లు. 2007-08లో 11 పాయింట్లు తెచ్చుకున్న డెర్బీ కౌంటీ చెత్త రికార్డును తప్పించుకోవడం ఒక్కటే ఆ ఏడాది మేము సాధించిన ఘనత.

కాబట్టి నా ప్రశ్న మాంచెస్టర్ సిటీ గురించి కాదు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను కొనగలిగినవాళ్లు గోల్ ముందు ఎన్ని పాసులైనా ఇచ్చుకోవచ్చు. ఆటగాళ్ల నైపుణ్యంలో ప్రత్యర్థి కన్నా ఒక మెట్టు కింద ఉన్న జట్టు, వెనుక నుంచి ఓపికగా ఆట అల్లుకుంటూ రావాలని పట్టుబట్టడంలో తర్కం ఉందా? లేక కోచ్‌లు తమ పేరు కోసం అభిమానుల గుండెలతో ఆడుకుంటున్నారా? దయచేసి “ఆధునిక ఫుట్‌బాల్ అంటే ఇదే” అనే ఒక్క ముక్కతో సరిపెట్టకండి.

లెక్కల_పంతులు సమాధానం:

మీ నాన్నగారి ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు ఒక చిన్న లెక్కతో మొదలవుతుంది. ప్రత్యర్థి జట్టులో పదకొండు మంది ఉన్నా, వాళ్ల గోల్‌కీపర్ తన గోల్‌ను వదిలి మన సగంలోకి రాడు. అందువల్ల మన గోల్ దగ్గర బంతిని లాక్కోవడానికి రాగలిగినవాళ్లు ఎక్కువలో ఎక్కువ పదిమంది. మన గోల్‌కీపర్ కాళ్లతో కూడా ఆడగలిగితే మన వైపు పదకొండు మంది ఉన్నట్టే. మైదానంలో ఎక్కడో ఒకచోట మన ఆటగాడు ఒకడు కాపలా లేకుండా ఉండి తీరాలి. అతడు ఎవరో తేలేదాకా, అతడి దాకా బంతి చేరే దారి తెరుచుకునేదాకా ఎదురుచూడడమే ఈ ఓపిక. లాంగ్ బాల్, అంటే దూరంగా గాలిలోకి పొడవాటి బంతి, కొట్టిన క్షణంలో ఆ ఒక్క మనిషి లాభాన్ని మనమే వదులుకుంటాం, ఎందుకంటే బంతి దిగే చోట మన గోల్‌కీపర్ ఉండడు, వాళ్ల డిఫెండర్లు మాత్రం ఉంటారు.

దీన్ని అందరికన్నా ముదురుగా ఆడించినవాడు, నా దృష్టిలో, 2022 సెప్టెంబరులో బ్రైటన్ కోచ్‌గా వచ్చిన రాబెర్టో డి జెర్బి. ఆ జట్టు సెంటర్‌బ్యాక్ (వెనుక మధ్యలో కాపు కాసే డిఫెండర్) లూయిస్ డంక్ బంతిపై అరికాలు ఆనించి, చెరువు గట్టున జపం చేసే కొంగలా కదలకుండా నిలబడేవాడు. చూసేవాళ్లకు అది కాలయాపనలా కనిపించేది. నిజానికి అతడు ఎర వేస్తున్నాడు. ప్రత్యర్థి ఫార్వర్డ్ ముందుకు దూకకపోతే డంక్ కూడా కదలడు. దూకితే, ఆ ఫార్వర్డ్ అంతవరకు కాపలా కాస్తున్న చోటు ఖాళీ అవుతుంది. అక్కడికి నేరుగా పాస్ ఇచ్చే దారిని ఆ ఫార్వర్డ్ తన పరుగుతోనే మూసి ఉంచుతాడు కనుక, డంక్ బంతిని ముందున్న మిడ్‌ఫీల్డర్‌కు కొడితే, అతడు వెనక్కి తిరగకుండానే ఒక్క స్పర్శతో ఆ ఖాళీ మనిషికి పంపిస్తాడు. అలా మూడో మనిషి దగ్గరకు బంతి చేరేసరికి ప్రత్యర్థి ఆటగాళ్లు నలుగురైదుగురు బంతికి వెనుక మిగిలిపోతారు. అక్కడి నుంచి ఓపిక అనే మాట ఉండదు. అంచుల్లో ఆడే మిటోమా, సోలీ మార్చ్ తమ ఎదురుగా ఒక్కొక్క డిఫెండర్ మాత్రమే ఉండగా పరుగెత్తేవారు. ఆ సీజన్‌లో బ్రైటన్ 62 పాయింట్లతో ఆరో స్థానంలో నిలిచి, చరిత్రలో మొదటిసారి యూరోపా లీగ్‌కు అర్హత సాధించింది. బ్రైటన్ ధనిక జట్టు కాదని గమనించాలి. డంక్ ఆ ఊరి అకాడమీలో పెరిగినవాడే. గోల్‌కీపర్ జేసన్ స్టీల్ అప్పటిదాకా ఎక్కువగా కింది శ్రేణుల్లో ఆడి, బ్రైటన్‌లో రాబర్ట్ సాంచెజ్‌కు ప్రత్యామ్నాయంగా బెంచీ మీద ఉన్నవాడు. పాసుల కోసమే డి జెర్బి అతడిని ముందుకు తెచ్చాడు.

నిబంధనలు కూడా ఈ ఆటకు దారి వేశాయి. 1992లో, తన జట్టువాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదనే నియమం వచ్చింది. 2019లో గోల్ కిక్ (గోల్ గీత దాటి బయటికి పోయిన బంతితో గోల్ ముందు నుంచి ఆట తిరిగి మొదలుపెట్టే తన్ను) నియమం మారింది. అంతకుముందు బంతి గోల్ ముందున్న పెనాల్టీ బాక్స్ దాటి బయటికి వచ్చాకే ఆట మొదలైనట్టు లెక్క. ఇప్పుడు గోల్‌కీపర్ తన్నగానే, బాక్స్ లోపలే ఉన్న డిఫెండర్ బంతిని అందుకోవచ్చు, ప్రత్యర్థులు మాత్రం ఆ తన్ను పడేదాకా బాక్స్ బయటే ఉండాలి. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ, బంతిని అందుకునేవాడికి ఇది కొన్ని గజాల దూరాన్నీ తల పైకెత్తి చూసుకునే ఒక్క క్షణాన్నీ ఇచ్చింది.

ఇక సౌతాంప్టన్ ఎందుకు మునిగిందంటే, నా అభిప్రాయం ఇది. ఎర వేసిన తరువాత చేపను గట్టుకు లాగేవాడు కూడా ఉండాలి. ఆ సీజన్ మొత్తంలో మీ జట్టు చేసినవి 26 గోల్స్. తమ వెనుక ఎంత ఖాళీ వదిలినా శిక్ష పడదని తెలిసిన ప్రత్యర్థి, నిర్భయంగా ముందుకు వచ్చి మీ బాక్స్‌లోనే కాపు కాశాడు. మాంచెస్టర్ సిటీ మీద అలా రావడానికి ఎవరైనా ఎందుకు జంకేవారో 2018 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్‌కు తెలిసింది. సిటీ గోల్‌కీపర్ ఎడర్సన్ తన గోల్ దగ్గర నుంచి కొట్టిన ఒక్క పొడవాటి బంతిని ఫార్వర్డ్ అగ్వెరో అందుకుని గోల్ చేశాడు. గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి డిఫెండర్లను దాటి ముందే నిలబడి బంతి అందుకోకూడదనే నియమం) వర్తించదని కూడా గుర్తుంచుకుంటే, వాళ్ల డిఫెండర్లు ఎంత ఇరకాటంలో ఉంటారో ఊహించవచ్చు. పొడవుగా కొట్టగలడనే భయం ఉన్నచోటే పొట్టి పాసులకు చోటు దొరుకుతుంది. సౌతాంప్టన్ దగ్గర పొట్టి పాస్ ఉంది, ఆ భయం మాత్రం లేదు.

పాత_స్టాపర్ సమాధానం:

నేను హైదరాబాద్ లీగ్‌లో ఒక ఆఫీసు జట్టు తరఫున పదకొండేళ్లు స్టాపర్‌గా ఆడినవాడిని. ఈ తరం వాళ్లు సెంటర్‌బ్యాక్ అంటున్న స్థానాన్ని మేము స్టాపర్ అనేవాళ్లం. పేరులోనే మా పని ఉంది. పంతులుగారి లెక్క కాగితం మీద తప్పు పట్టలేనిది. అయితే ఆ లెక్కలో ఒక అంకె లేదు. బంతి పోగొట్టుకుంటే చెల్లించాల్సిన ధర అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మైదానం మధ్యలో పోయిన బంతి తిరిగి గోల్ దాకా రావాలంటే ఆరేడు సెకన్లు పడుతుంది, ఆలోగా నలుగురం వెనక్కి చేరుకుంటాం. సొంత బాక్స్ అంచున పోయిన బంతికి ఒక్క సెకను చాలు. పదిసార్లు చక్కగా బయటపడి ఒక్కసారి దొరికిపోతే, ఆ పదిసార్లలో రెండు గోల్స్ అయినా వచ్చాయా అని అడిగే హక్కు డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి ఉంది.

నేను పాసులాటకు శత్రువును కాను. మా హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆటే నేలబారు పాసుల ఆట. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన రోజుల్లో, డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టించేవారని, బంతి వచ్చిందే తడవుగా పాస్ ఇవ్వడం అలా అలవాటైందని మా పెద్దలు చెప్పేవారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అదే శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. కాబట్టి పాస్ విలువ నాకు ఎవరో ఇంగ్లండ్ నుంచి వచ్చి నేర్పనక్కరలేదు. రహీం సాహెబు ఆట బంతిని త్వరగా ముందుకు చేర్చే ఆట. గోల్ ముందు బంతి మీద కాలు పెట్టి నిలబడే ఆట కాదు. ఈ తేడాను కొంచెం ఆలోచించండి.

నాకు అభ్యంతరం ఉన్నది పద్ధతి మీద కాదు, విచక్షణ లేకపోవడం మీద. 2022 ఆగస్టు 13న బ్రెంట్‌ఫర్డ్ మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ ఆడిన మ్యాచ్ చూడండి. యునైటెడ్ గోల్‌కీపర్ డి గేయా, ఎరిక్సన్ వెనుక ప్రత్యర్థి కాచుకుని ఉన్నాడని కనిపిస్తున్నా, బాక్స్ ముందున్న అతడికే పాస్ ఇచ్చాడు. బ్రెంట్‌ఫర్డ్ ఆటగాడు జెన్సన్ బంతి లాక్కుని గోల్ కొట్టాడు. 35 నిమిషాల్లో నాలుగు గోల్స్ పడ్డాయి. అప్పటికి కోచ్ టెన్ హాగ్‌కు అది రెండో లీగ్ మ్యాచ్. ఆయన ఏం చేశాడు? తొమ్మిది రోజుల తరువాత లివర్‌పూల్ వచ్చినప్పుడు అదే డి గేయా బంతిని పొడవుగా కొట్టాడు, యునైటెడ్ 2-1తో గెలిచింది. నేను గౌరవించేది అలాంటి కోచ్‌ను. తన దగ్గర ఉన్న కీపర్ కాళ్లు ఎలాంటివో చూసుకుని నిర్ణయం మార్చుకున్నాడు. బంతిని స్టాండులోకి తన్నేయడం పిరికితనమని ఈ మధ్య ఎవరు ప్రచారం చేశారో తెలియదు. మా రోజుల్లో “క్లియర్ చెయ్” అనే కేక వినిపిస్తే ఆలోచించకుండా తన్నేవాళ్లం. మరుసటి ఉదయం మా కోచ్ ఆ తన్ను గురించి ఒక్కమాట అనేవాడు కాదు. పోగొట్టుకున్న బంతి గురించి మాత్రం నెలరోజులు అనేవాడు.

ఇంకొక మాట. మేము ఆడిన మైదానాల్లో గోల్ ముందు గడ్డి ఉండేది కాదు, వానాకాలం తరువాత గట్టిపడిన గుంటలు ఉండేవి. ఇప్పటి మా కాలనీ పిల్లలు టీవీలో చూసినదే అక్కడ ఆడబోయి, బంతి ఎగిరి మోకాలికి తగిలి గోల్స్ ఇచ్చుకుంటున్నారు. వాళ్ల కోచ్‌లకు ఎవరైనా చెప్పండి, ముందు మైదానాన్ని చదును చేయించమని.

నార్తమ్_స్టాండ్ సమాధానం:

నేను ఎనిమిదేళ్లుగా సౌతాంప్టన్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్నాను, డ్యూటీ లేని శనివారాల్లో మా జట్టు మైదానం సెయింట్ మేరీస్‌కు వెళ్తుంటాను. టీవీలో వినిపించనిది ఒకటి చెప్పాలని ఉంది.

డిఫెండర్ బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కి ఇవ్వగానే ముప్పై వేలమంది గొంతుల్లో నుంచి ఒక మూలుగు పుడుతుంది. అది తిట్టు కాదు, అరుపు కాదు. పక్కింటి పిల్లవాడు పిట్టగోడ ఎక్కి నడుస్తుంటే చూసే అమ్మమ్మ గొంతులో నుంచి వచ్చే శబ్దం లాంటిది. ఆ శబ్దం ఆటగాళ్లకు తప్పకుండా వినిపిస్తుంది. అది వినిపించాక డిఫెండర్ బంతిని అర సెకను ఎక్కువ పట్టుకుంటాడు, లేదా అర సెకను ముందే వదిలేస్తాడు. పంతులుగారు చెప్పిన ఎర పద్ధతిలో ఆ అర సెకనే అంతా. 2024 నవంబరు 24న లివర్‌పూల్ వచ్చినప్పుడు నేను స్టాండులో ఉన్నాను. మెకార్తీ ఇచ్చిన బంతిని ఫ్లిన్ డౌన్స్ అందుకుని పక్కవాడికి ఇవ్వబోయాడు, అది గురి తప్పి లివర్‌పూల్ ఆటగాడు సొబొస్లయ్‌కు దొరికింది, బంతి గోల్‌లో పడింది. నా ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన తల చేతుల్లో పెట్టుకుని లేవలేదు.

అయితే అదే మ్యాచ్‌లో తరువాత జరిగింది కూడా చెప్పాలి. మేము స్కోరు సమం చేసి, మాటియస్ ఫెర్నాండెస్ గోల్‌తో 2-1 ఆధిక్యంలోకి వెళ్లాం. ఆ తొమ్మిది నిమిషాలే ఆ ఏడాది మొత్తానికీ నాకు మిగిలిన సంతోషం. లివర్‌పూల్ స్కోరును మళ్లీ సమం చేసిన గోల్, అంటే సలా కొట్టిన మొదటి గోల్, వెనుక నుంచి ఆట అల్లడం వల్ల పడింది కాదు. లివర్‌పూల్ వాళ్లు కొట్టిన పొడవాటి బంతికి మా కీపర్ తొందరపడి బయటికి వచ్చాడు, ఆ తప్పుకు పడింది. మూడోది చేతికి తగిలిన బంతికి ఇచ్చిన పెనాల్టీ. ఇంటికి వెళ్తున్న బస్సులో మాత్రం అందరూ మాట్లాడుకున్నది మొదటి గోల్ గురించే.

ఈ వింత మన దగ్గరా ఉంది. 2024 నవంబరు 18న సెలవులకు వచ్చి, గచ్చిబౌలిలో భారత్, మలేషియా మ్యాచ్‌కు మా తమ్ముడితో వెళ్లాను. 19వ నిమిషంలో పొడవుగా వచ్చిన బంతి కోసం మన గోల్‌కీపర్ గురుప్రీత్ బాక్స్ దాటి పరుగెత్తాడు, మలేషియా ఆటగాడు పాలో జొసుయే అతడిని తప్పించి ఖాళీ గోల్‌లోకి కొట్టాడు. నా పక్కన కూర్చున్నాయన వెంటనే, “ఈ పాసులాట వద్దంటే వినరు” అన్నాడు. అందులో మనవాళ్లు ఇచ్చిన పాసే లేదు. గోల్‌కీపర్ గోల్ వదిలి కనిపిస్తే చాలు, నింద పాసులాట మీద పడిపోతోంది.

సౌతాంప్టన్ గురించి ఇంకొకటి. ఇదే మార్టిన్, ఇదే పద్ధతితో 2023-24లో రెండో శ్రేణిలో ఆడినప్పుడు, మా జట్టు అన్ని పోటీల్లో కలిపి వరుసగా 25 మ్యాచ్‌లు ఓడకుండా క్లబ్ రికార్డు నెలకొల్పింది. అప్పుడు బంతి వెనక్కి వెళ్తే ఆ మూలుగు ఇంత బిగ్గరగా వినిపించేది కాదు. కొందరు చప్పట్లు కూడా కొట్టేవారు. ఆట మారలేదు, ఎదురుగా పరుగెత్తి వచ్చేవాడి వేగం మారింది. రెండో శ్రేణిలో డిఫెండర్‌కు దొరికిన రెండు సెకన్లు ప్రీమియర్ లీగ్‌లో ఒకటిన్నర అయ్యాయి. మా కోచ్ తప్పు అక్కడే ఉందని నేను అనుకుంటాను. ఆటగాళ్లు అలవాటు పడేదాకా ప్రత్యర్థులు ఆగరు.

గోల్‌పోస్ట్_పక్కన సమాధానం:

ఇంటర్ నుంచి ఇప్పటిదాకా గోల్‌కీపర్‌గా ఆడుతున్నవాడిని కాబట్టి మా జాతి తరఫున కొంచెం మాట్లాడతాను. ఈ పద్ధతిలో లాభం పదిమందికీ పంచుతారు, తప్పు మాత్రం ఒక్కడి ఖాతాలో రాస్తారు.

గార్డియోలా 2016లో మాంచెస్టర్ సిటీకి కోచ్‌గా రాగానే, ఆ జట్టు అభిమానులకు ఎంతో ఇష్టమైన కీపర్ జో హార్ట్‌ను పక్కన పెట్టి, కాళ్లతో ఆడగలడని బార్సిలోనా నుంచి బ్రావోను తెచ్చాడు. అక్టోబరులో అదే బార్సిలోనా మైదానంలో బ్రావో ఇచ్చిన పాస్ సువారెజ్‌కు చేరింది. అతడు తిరిగి కొట్టిన బంతిని బాక్స్ బయట చేత్తో ఆపి బ్రావో రెడ్ కార్డు తెచ్చుకున్నాడు, జట్టు 4-0తో ఓడింది. ఆ రోజు ఇంగ్లండ్‌లో ఈ పద్ధతిని ఎగతాళి చేయనివాడు లేడు. గార్డియోలా పద్ధతిని మార్చలేదు, మరుసటి ఏడాది కీపర్‌ను మార్చాడు. ఎడర్సన్ వచ్చాక ఎగతాళి చేసినవాళ్లే తమ జట్లకూ అలాంటి కీపర్ కావాలని గొడవ చేశారు. విచిత్రం ఏమిటంటే, 2025 సెప్టెంబరులో ఎడర్సన్ వెళ్లిపోయినప్పుడు అదే గార్డియోలా తెచ్చుకున్నది డొన్నరుమ్మాను. అతడి బలం కాళ్లలో కన్నా చేతుల్లో ఉంది. చాంపియన్స్ లీగ్ గెలిచిన పారిస్ జట్టు కోచ్ లూయిస్ ఎన్రికే, తనకు వేరే తరహా కీపర్ కావాలని చెప్పి వదులుకున్నది కూడా అతడినే. ఈ వాదనలో చివరి మాట తమదేనని ఎవరైనా అంటే ఈ ఒక్క బదిలీ గుర్తుచేయండి.

పాత_స్టాపర్ గారికి ఒక చిన్న ప్రత్యుత్తరం. 2011 డిసెంబరులో రియల్ మాడ్రిడ్ మైదానంలో మ్యాచ్ మొదలై అర నిమిషం కాకముందే బార్సిలోనా కీపర్ వాల్దేస్ ఇచ్చిన తప్పు పాస్‌తో బెంజెమా గోల్ పడింది. ఆ తరువాత కూడా వాల్దేస్ బంతిని పొట్టి పాసులతోనే మొదలుపెట్టాడు, బార్సిలోనా 3-1తో గెలిచింది. కీపర్‌గా నాకు అందులో గొప్పగా అనిపించేది గెలుపు కాదు, ఆ రెండో పాస్. తప్పు చేసిన వెంటనే మళ్లీ అదే పాస్ ఇవ్వడానికి కావలసిన గుండె నిబ్బరం ఎంతో బయటివాళ్లకు తెలియదు. డిఫెండర్లు ఆ క్షణంలో మనకు ముఖం చూపిస్తే చాలా సాయం. చాలామంది వీపు చూపిస్తారు, మీ తరం స్టాపర్లు ఎక్కువగా.

పాత_స్టాపర్ ప్రత్యుత్తరం:

వీపు చూపించింది నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ వాల్దేస్ ముందు షావీ, ఇనియెస్టా, బుస్కెట్స్ ఉన్నారు. నా కీపర్ ముందు నేను ఉన్నాను.

సెయింట్స్_బెజవాడ ప్రత్యుత్తరం:

అందరికీ ధన్యవాదాలు. ముఖ్యంగా నార్తమ్_స్టాండ్ గారి అమ్మమ్మ పోలిక చదివి ఇంట్లో అందరికీ వినిపించాను.

మీ సమాధానాలు చదివాక నాకు ఒక అనుమానం వచ్చి, మా జట్టు పాయింట్లను మళ్లీ లెక్కపెట్టాను. మార్టిన్ ఉన్న 16 మ్యాచ్‌ల్లో 5 పాయింట్లు వచ్చాయి. ఆయన వెళ్లిపోయాక, ఇవాన్ యూరిచ్ వచ్చి పద్ధతి మార్చి, ఆయన కూడా సీజన్ ముగియకుండానే వెళ్లిపోయి, తాత్కాలిక కోచ్ పూర్తిచేసిన మిగిలిన 22 మ్యాచ్‌ల్లో వచ్చినవి 7. సగటు చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే. అంటే గోల్ ముందు పాసులు మానేసినా మేము అంతే ఓడిపోయాం. రస్సెల్ మార్టిన్ మొండితనమే మమ్మల్ని ముంచిందని ఇన్నాళ్లూ నేను చెబుతూ వచ్చిన మాటకు ఈ లెక్క అడ్డు తగులుతోంది. అయినా కోపం పూర్తిగా తగ్గలేదు. ఎలాగూ ఓడిపోయేటప్పుడు, మన గోల్ ముందు మనమే జారిపడి ఓడడం వేరే రకమైన బాధ.

లెక్కల_పంతులు ప్రత్యుత్తరం:

మీ లెక్కకు ఇంకొంచెం కలుపుతాను. 2023-24లో రెండో శ్రేణి నుంచి వచ్చిన మూడు జట్లూ ఆ ఏడాదే వెనక్కి వెళ్లిపోయాయి. వాటిలో బర్న్‌లీ, కొంపనీ కోచ్‌గా, మీ జట్టు లాగానే వెనుక నుంచి ఆట అల్లింది, 24 పాయింట్లు వచ్చాయి. లూటన్ టౌన్ దాదాపు పూర్తిగా ఎదురు ధోరణిలో, బంతిని త్వరగా ముందుకు కొట్టి, గాలిలో పోరాడే ఆట ఆడింది, 26 వచ్చాయి. తేడా రెండు పాయింట్లు. మరుసటి ఏడాది మీతో పాటు వచ్చిన లెస్టర్, ఇప్స్‌విచ్ కూడా నిలబడలేదు. రెండో శ్రేణికీ మొదటి శ్రేణికీ మధ్య డబ్బులో, ఆటగాళ్ల స్థాయిలో ఉన్న అంతరం ఈ పద్ధతుల తేడా కన్నా చాలా పెద్దది. బర్న్‌లీని నిలబెట్టలేకపోయిన అదే కొంపనీని బయర్న్ మ్యూనిక్ తీసుకుంది, మరుసటి సీజన్‌లోనే జర్మన్ లీగ్ టైటిల్ గెలిచాడు. ఆయన అంతలోనే తెలివైనవాడు అయిపోలేదు కదా. బంతి గట్టుకు చేరాక దాన్ని గోల్ చేసే హ్యారీ కేన్ అక్కడ ఉన్నాడు.

పాత_స్టాపర్ గారి ధర లెక్క సరైనదే. అందుకే నేను కోచ్‌నైతే (అయ్యే ప్రమాదం లేదు) కింది స్థాయి జట్టుకు ఈ పద్ధతిని మానేయమని చెప్పను కానీ, ప్రతి మూడో గోల్ కిక్‌ను పొడవుగా కొట్టమని చెబుతాను. ఏది పొట్టి, ఏది పొడవు అని ముందే తెలియకపోతే ప్రత్యర్థి ఫార్వర్డ్ ఒక అడుగు వెనుక నిలబడతాడు. ఆ అడుగు చాలు.

సెయింట్స్_బెజవాడ ప్రత్యుత్తరం:

మా నాన్నగారికి ఇది కళ్లకు కట్టేలా చూపించాలంటే ఏ మ్యాచ్ పెట్టమంటారు? సౌతాంప్టన్ తప్ప ఏదైనా సరే.

లెక్కల_పంతులు ప్రత్యుత్తరం:

2023 జనవరి 14, బ్రైటన్, లివర్‌పూల్. మొదటి సగంలో గోల్స్ పడవు, అందుకే మంచిది. స్కోరు గురించి ఆలోచించకుండా డంక్ కాళ్లను, లివర్‌పూల్ ఫార్వర్డ్‌లు ఎప్పుడు దూకుతున్నారో, దూకిన తరువాత బ్రైటన్ మిడ్‌ఫీల్డర్లు మాక్ అలిస్టర్, కైసెడో ఎక్కడ ఖాళీగా దొరుకుతున్నారో చూడమనండి. రెండో సగం మొదలవగానే మొదటి గోల్ పడుతుంది, మ్యాచ్ 3-0తో ముగుస్తుంది. ముందే చెప్పి ఉంచండి, ఆ మొదటి గోల్‌కు కారణం బ్రైటన్ ఎర కాదు. లివర్‌పూల్ డిఫెండర్ మాటిప్ తన సగంలో ఇచ్చిన తప్పు పాస్.

పాత_స్టాపర్ ప్రత్యుత్తరం:

ఆ మాటిప్ దగ్గర ఆపి, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.